మాడు మీద ఆముదం

తీగలు పీకమని ఫోన్లో చెప్పినంత తేలిక కాదు పీకడం. పసిబిడ్డ నెత్తి తోలు ఉల్లిపొరకంటే పలచన. జిగురు ఆరి బిగుసుకుని ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి, తీగ చుట్టూ తడిపి, నానేదాకా ఆగి, అప్పుడు వేలికొసతో లేపాలి. డాక్టర్ శశికళ మొదటి తీగను అట్లాగే లేపింది. రెండో తీగ చుట్టూ తడిదూది అద్దింది. ఈ తీగలను ఈ నెత్తికి మొన్న తనే అంటించింది. ఇప్పుడు తనే పీకుతోంది.

అద్దాల పెట్టెలో భీమక్క బిడ్డ కాళ్ళూ చేతులూ చాపుకుని పడుకుంది. పుట్టగానే ఏడవని బిడ్డ. ఆదోని నుంచి కర్నూలుకు అంబులెన్సులో వచ్చేటప్పుడు సైకిలు తొక్కినట్టు కాళ్ళు ఆడించిందట, పెదవులు చప్పరించిందట. మందు పడ్డాక అవన్నీ ఆగాయి. చూసేవాళ్ళకు హాయిగా నిద్రపోతున్నట్టే ఉంది. తెర మీద మాత్రం మెదడు గీత ఉండుండి రంపం పళ్ళలా లేస్తోంది, కాసేపు కోసి పడుకుంటోంది, మళ్ళీ లేస్తోంది. ఒంటికి ఆగిన ఫిట్సు లోపల నడుస్తూనే ఉన్నాయి. ఆ సంగతి చెప్పగలిగింది ఈ పిల్లల ఆసుపత్రిలో ఈ మిషన్ ఒక్కటే. రెండో మందు ఎంత ఎక్కించాలో, ఎక్కడ ఆపాలో ఆ గీతను చూసే తేల్చుకోవాలి. మందు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. తక్కువైతే మెదడు దెబ్బతింటుంది.

"నిజంగానే తీసేస్తాండామా మేడమ్?" అంది నర్సు శివలీల, ఊడిన తీగలను చుట్ట చుడుతూ.

"పెద్ద సార్ చెప్పినాడు కదా."

"పైన స్పెషల్ రూము బిడ్డకు ఫిట్సే రాలేదంటాండారు."

"రాలేదు."

మిషన్ పక్కన ఎర్ర అక్షరాలతో 'శ్రీ నారాయణరెడ్డి గారి దానం' అని రాసి ఉంది. మంగంపేటలో ముగ్గురాయి మిల్లులున్న నారాయణరెడ్డి. ఆయన కూతురే పై అంతస్తులో కాన్పయింది. ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టె, లేనమ్మా ఉన్నమ్మకే పెట్టె అని ఊరికే అనలేదు పెద్దలు.

మిషన్ కాలికి కింద, చక్రానికి జానెడు పైన, ఒక నల్లగుడ్డ పీలిక కట్టి ఉంది. బిడ్డ అమ్మమ్మ మల్లక్క తన పాత చీర కొంగు చింపి కట్టిన పీలిక అది. బిడ్డకు కడదామంటే నర్సులు ఒప్పుకోలేదు. "బిడ్డను కాపాడేది ఈ పెట్టే కద తల్లీ, దీనికన్నా దిష్టి తగలకుండా ఉండనీ" అని మొన్న వంగి ముడి వేసింది. శశికళ చూసి నవ్వుకుంది కానీ విప్పలేదు.

మిషన్ అద్దాల గది దాటేసరికి బయట బల్ల మీద కూర్చున్న మల్లక్క లేచి నిలబడింది. కోసిగి దగ్గరి పల్లె ఆమెది. సన్నటి మనిషి. అదే సమయానికి పెద్ద డాక్టరు భూపేష్ రౌండ్సుకు వచ్చాడు.

"సామీ, గీతల పెట్టె యాడికి తీస్కపోతాండారు?"

భూపేష్ ఆగాడు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచడు. ఎదుటి మనిషి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాడు. "అది పనిచేయడం లేదమ్మా. వచ్చిననాడు బిడ్డ మాడు మీద ఆముదం పూసుకొచ్చినావు కదా. ఆ నూనె తీగల్లోకి పోయింది. బాగుచేయడానికి పంపిస్తున్నాం."

"కడిగినా కద సామీ. డాక్టరమ్మ చెప్తే సబ్బు పెట్టి మూడు తూర్లు కడిగినా."

"కడిగితే పోయేది కాదులే అది. నీకేం తెలుసు పాపం. బిడ్డ బాగుంది, ఫిట్సు ఆగిపోయాయి. దేవుడికి దండం పెట్టుకో."

మల్లక్క తన అరచేతులను తిప్పి చూసుకుంది. తర్వాత శశికళ వైపు చూసింది, ఔననో కాదనో చెప్పమన్నట్టు. శశికళ చేతిలోని కాగితాల్లోకి తల దించుకుంది. అబద్ధం చెప్పింది ఒకరు. పక్కన నిలబడి దానికి సాక్ష్యం పలికింది తను. ఆ పూట ఆమెకు నోట్లో ముద్ద దిగలేదు.

పై అంతస్తు గదిలో ఏసీ చల్లగా ఉంది. పూలబుట్టలు వరుసగా పెట్టి ఉన్నాయి. నారాయణరెడ్డి భార్య కృష్ణవేణమ్మ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"రామ్మా శశికళా. ఏడ్సినప్పుడల్లా వీని కాళ్ళు అదరతాండాయి. నా గుండె జారిపోతాంది."

బిడ్డ ఏడుపు అందుకున్నాడు. కుడికాలు గబగబా వణికింది. శశికళ ఆ పాదాన్ని మెల్లగా గుప్పిట్లో పట్టుకుంది. వణుకు ఆగిపోయింది. వదిలితే వణికింది, పట్టుకుంటే ఆగింది.

"చూడండమ్మా. ఫిట్సయితే పట్టుకున్నా ఆగవు. ఇది పసిబిడ్డల వణుకు. పాలు బాగా పడితే పోతుంది. వీనికి మిషన్ అక్కరలేదు."

"అక్కరలేకపోతే మంచిదే తల్లీ. అయినా మా ఆయన పేరు రాసిన మిషనే కదా. ఒకసారి పెట్టి చూస్తే పోయేదేముండాది?"

ఆ మాటలో అహంకారం లేదు. పక్కింట్లో కూర బాగుందంటే గిన్నె పట్టుకెళ్ళి అడిగినంత మామూలుగా అడిగింది. వెనకే వచ్చిన భూపేష్ వెంటనే "పెట్టేద్దామమ్మా, మీదే కదా" అన్నాడు.

శశికళ బిడ్డ తల మీది టోపీ తీసింది. నడినెత్తిన మాడు మీద ఆముదంలో నానిన దూది పెట్టి ఉంది. నూనె నుదుటి మీదికి కారి కనుబొమల్లో మెరుస్తోంది. గుప్పుమని వాసన.

"ఇది తీసి కడగాలమ్మా. నూనె మీద తీగలు అంటుకోవు."

"వద్దొద్దు. నా బిడ్డలకంతా ఇట్లనే పెట్టినా. పురిటి నీళ్ళు పోసేదాకా మాడు మీద ఆముదం ఆరగూడదు. మీ నర్సులు తడిగుడ్డతో తుడిసి అదే స్నానమంటాండారు. చేయి తిరిగిన మనిషి వచ్చి నీళ్ళు పోసినంక చూద్దాం."

"పరవాలేదమ్మా, ఉంచండి" అన్నాడు భూపేష్. "శశికళా, పైన బ్యాండేజీ చుట్టెయ్."

"అంటుకోకపోతే ఏమీ రాదు సార్."

"చుట్టమ్మా."

చుట్టింది. నూనెలో తీగలు జారుతున్నాయి. తెర మీద చిక్కుపడిన దారపు ఉండలాంటి పిచ్చిగీతలు వచ్చాయి. తీగ సరిగా తగలడం లేదని ఎర్రదీపం వెలిగి మిషన్ కీచుమంది. భూపేష్ చప్పుడు ఆపే మీట నొక్కాడు. కృష్ణవేణమ్మ అల్లుడు ఫోను తీసి తెర పక్కన అత్తగారినీ బిడ్డనూ నిలబెట్టి ఫొటో తీశాడు. "ఎంత చురుగ్గా ఉన్నాయో చూడు మావాని గీతలు" అన్నాడు. భూపేష్ నవ్వాడు. ఆ నవ్వు చూసి శశికళకు రోత పుట్టింది. ఆయన మీద ఎంత పుట్టిందో, బ్యాండేజీ చుట్టిన తన చేతుల మీద అంతే పుట్టింది.

మెట్ల దగ్గర ఆయన్ను ఆపింది.

"సార్, కింది బిడ్డకు లోపల ఫిట్సు ఆగలేదు. తీగలు తీసే నిమిషం వరకు చూసినాను."

"కళ్ళకు కనపడేవి ఆగాయా లేదా?"

"ఆగినాయి."

"మరి? రెండో మందు కూడా ఇచ్చాం కదా. ఈపాటికి అవీ ఆగి ఉంటాయి."

"ఆగినాయో లేదో చెప్పేది పైనుంది సార్. పోనీ వేరే ఆసుపత్రికి పంపుదామంటే, ఇంత మందు మీదున్న బిడ్డను కదిలించలేము."

భూపేష్ ఆమె భుజం తట్టాడు. "నారాయణరెడ్డి గారు ఇంకో మిషన్ ఇస్తామంటున్నారు. అది వస్తే ఇట్లాంటి పిల్లలు ఎంతమందికి మేలో ఆలోచించు. ఒకటి రెండు రోజులు ఓర్చుకో. వయసులో ఉన్నావు, ఆవేశం ఉంటుంది."

ఓర్చుకోవాల్సింది తనయితే ఓర్చుకునేదే. ఓర్చుకుంటున్నది నోరు లేని పసిగుడ్డు. ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉన్నట్టే వినపడటం ఆమెకు ఇంకా అసహ్యమనిపించింది. చెడ్డపనికి మంచి చొక్కా తొడగడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

మధ్యాహ్నమంతా ఆమె బిడ్డ పక్కనే నిలబడింది. ఒకసారి కనుగుడ్డు పక్కకు జరిగి నిలిచినట్టనిపించింది. ఒకసారి పెదవి అదిరింది. అది ఫిట్సో, నిద్రలో కదలికో కంటితో తేల్చుకోలేకపోయింది. మందు పెంచాలని చెయ్యి పెట్టి, ఊపిరి భయానికి వెనక్కు తీసుకుంది. గుడ్డివాడు వీధి దాటినట్టుంది ఆమె వైద్యం.

బయట కొళాయి దగ్గర మల్లక్క చేతులు కడుగుతోంది. శశికళ టీ తాగడానికి వెళ్ళేటప్పుడు కడుగుతోంది, వచ్చేటప్పుడూ కడుగుతోంది. సబ్బుతో మోచేతుల దాకా రుద్ది, గోళ్ళ సందుల్లో పుల్లతో గీకి, వాసన చూసుకుని మళ్ళీ రుద్దుతోంది. చేతివేళ్ళ మీద తోలు తెల్లగా లేచి అక్కడక్కడా పగిలింది.

"ఏమవ్వా, అట్ల రుద్దుతాండావు?"

"వాసన పోవడంలే డాక్టరమ్మా." మల్లక్క చేతులు చూపింది. "మా ఊర్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా నీళ్ళు పోసేది నేనే. ఎందరి మాడుకో ఆముదం పెట్టినా. ఒక్క బిడ్డకి నా చేతుల మీద కీడు కాలేదు. నా కూతురి బిడ్డ కాడికొచ్చేతలికి అయిపాయె."

"నీ వల్ల ఏమీ..." అని శశికళ ఆగిపోయింది. కారిడార్లో భూపేష్ మనుషులెవరో నడిచి వెళ్తున్నారు.

తల్లుల వార్డులో భీమక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మల్లక్క అన్నం గిన్నె తీసుకుని మంచం పక్కన నిలబడింది.

"రెండు ముద్దలు తినుమే. పాలు పడల్ల గద."

"నీ చేత్తో వద్దు."

"భీమీ."

"వద్దంటి కదా. నీ ఆముదమే నా బిడ్డ పెట్టెను చెడగొట్టె. ఆయప్ప సుగ్గి నుంచి ఫోన్ చేసి అడిగితే ఏమని చెప్పల్ల నేను? మా అమ్మే చేసెనని చెప్పల్లా?"

భీమక్క మొగుడు సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు దిక్కు మిరప కోతలకు పోయి ఉన్నాడు. మల్లక్క గిన్నె మంచం మీద పెట్టి, చేతులు కొంగులో దాచుకుని బయటికొచ్చి, కూతురు కనపడని చోట గోడకానుకుని కూర్చుంది. ఆ రోజంతా ఆమె ఏ వస్తువునూ అరచేత్తో తాకకుండా ఉండాలని చూడటం శశికళ గమనించింది. తలుపును మోచేత్తో నెట్టింది. చెంబును వేళ్ళ కొసలతో ఎత్తింది.

ఎవరు చేసిన పాపాన్ని ఎవరు కడుక్కుంటున్నారు? శశికళకు ఆ కొళాయి వైపు చూడటమే కష్టమైంది.

మరునాడు పొద్దున శివలీల పైనుంచి వచ్చి విసుక్కుంది. "కృష్ణవేణమ్మ గారు ఒకటే పట్టు పట్టినారు మేడమ్. మంచి దినమంట, నీళ్ళు పోసే మనిషి కావాలంట. వాళ్ళ ఊరినుంచి రావాల్సినామెకు జ్వరమంట. నేనెక్కడినుంచి తేవాలి?"

శశికళ కొళాయి వైపు చూసింది.

"మల్లక్కను పిలుచుకునిరా."

శివలీల ఆమె ముఖంలోకి ఒకసారి చూసి కొళాయి వైపు నడిచింది. ఇది ధైర్యం కాదని శశికళకు తెలుసు. నోటితో చెప్పలేక కళ్ళకు చూపించడం. అయినా అదన్నా చేయాలనిపించింది.

మల్లక్క మొదట రానంది. "నా చేతులు మంచివి గావు తల్లీ."

"ఈ ఆసుపత్రిలో నీ చేతులకంటే శుభ్రమైన చేతులు లేవవ్వా. రా."

పై గదిలో స్నానాలగది ముందు పీట వేసి ఉంది. మల్లక్క చీర మోకాళ్ళ పైకి దోపుకుని, పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. మోచెయ్యి నీళ్ళలో పెట్టి వేడి చూసింది. కృష్ణవేణమ్మ బిడ్డను తెచ్చి ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఆ కాళ్ళ మీద పడగానే బిడ్డ ఏడుపు మానాడు. చేతులకు పాత అలవాటు గుర్తొచ్చినట్టుంది, మల్లక్క భయం మరిచిపోయి బ్యాండేజీ విప్పసాగింది. విప్పుతుంటే తీగలు ఊడి చేతిలోకొచ్చాయి.

ఆ తీగలు పట్టుకుని ఆమె చూపు మిషన్ దాకా వెళ్ళింది. అక్కడినుంచి కిందికి, చక్రానికి జానెడు పైన కట్టిన నల్లపీలిక దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఇది మా బిడ్డ పెట్టె గద" అంది.

"మాదేలేమ్మా. మా ఆయన ఇచ్చిందే" అంది కృష్ణవేణమ్మ.

మల్లక్క బిడ్డ తల మీది దూది తీసింది. ఆమె వేళ్ళ మధ్య నూనె కారుతోంది.

"ఈ బిడ్డ మాడు మీద గూడా ఆముదమే ఉండాది."

"ఆముదం లేకుండా పచ్చిమాడును ఎట్ల పెట్టుకుంటాం?"

"అవునమ్మా. ఎట్ల పెట్టుకుంటాం."

ఆ తర్వాతే ఆమె తలెత్తి శశికళను చూసింది. "చెడిపోలేదా డాక్టరమ్మా?"

"చెడిపోలేదవ్వా. నీ ఆముదం వల్ల ఏమీ కాలేదు. నువ్వు బాగా కడిగినావు, తీగలు బాగానే అంటుకున్నాయి. మీ బిడ్డ నెత్తి మీదినుంచి తీసి ఈడికి తెచ్చినాము. పెద్ద సార్ నీకు అబద్ధం చెప్పినాడు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను."

మల్లక్క ఏడుస్తుందనుకుంది శశికళ. లేచి శాపనార్థాలు పెడుతుందనుకుంది. మల్లక్క చెంబుతో నీళ్ళు ముంచింది. కాళ్ళ మీదున్న బిడ్డకు స్నానం సగంలో ఆపే మనిషి కాదు ఆమె. పెసరపిండి అద్ది నెత్తి రుద్దింది, నూనె పూర్తిగా పోయేదాకా రుద్దింది. చంకల్లో, మెడ మడతల్లో, వేళ్ళ సందుల్లో కడిగింది. కళ్ళలో నీళ్ళు పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది. కాళ్ళు సాగదీసి, చేతులు గుండెల మీదికి మడిచి, మాడు మీద చివరి నీళ్ళు చల్లగా పోసి తుండుగుడ్డలో చుట్టింది. ఆ చేతులు ఏ గూటి బిడ్డయినా ఒకటే అన్నట్టు పనిచేసుకుపోయాయి.

ఆమె బిడ్డను తుడుస్తుండగానే శశికళ గోడ దగ్గరికి వెళ్ళి మిషన్ ప్లగ్గు పీకింది. ఎవరినీ అడగలేదు.

మల్లక్క బిడ్డను కృష్ణవేణమ్మ చేతుల్లో పెట్టింది. "ఈ బిడ్డకి ఏ రోగమూ లేదమ్మా. ఊరికే జంకుతాండాడు. పెట్టె లేక మా బిడ్డ కింద ఉండాది."

కృష్ణవేణమ్మ మొహం రంగు మారింది. "వాళ్ళ బిడ్డ కాడినుంచి తీసినారా? ఖాళీగా ఉండాదని చెప్పెనే భూపేష్."

"ఖాళీగా లేదమ్మా" అంది శశికళ.

కృష్ణవేణమ్మ మనవణ్ణి రొమ్ముకు అదుముకుని ఒక అడుగు వెనక్కు జరిగింది. మల్లక్క వైపు చూడకుండానే అంది, "తీస్కపోండి, తీస్కపోండి. పసిబిడ్డ ఉసురు మాకొద్దు."

అంతే. నిన్న శశికళ ఎంత చెప్పినా కదలని మిషన్ ఇవాళ ఉసురు భయానికి కదిలింది. జాలితో కాదు, న్యాయంతో కాదు. తన బిడ్డకు తగులుతుందన్న భయంతో. అదీ ఒకందుకు మంచిదే అనుకుని శశికళ మిషన్‌ను లిఫ్టు వైపు నెట్టింది. రెండోవైపు మల్లక్క పట్టుకుంది, అరచేతులతో.

కింద భీమక్క బిడ్డ నెత్తి తుడిచి, జిగురు పెట్టి, ఒక్కో తీగా అంటించింది. మీట నొక్కింది. గీత మొదట నేలబారుగా నడిచింది. శివలీల ఊపిరి వదిలింది. అంతలో అది లేచింది. రంపం పళ్ళు, ఒకదాని వెనుక ఒకటి. అద్దాల పెట్టెలో బిడ్డ కదల్లేదు, చక్కగా నిద్రపోతూనే ఉంది.

శశికళ గీతను చూస్తూ మందు పెంచింది, ఆగింది, మళ్ళీ కొంచెం పెంచింది. పొద్దు వాలేసరికి రంపం పళ్ళు పలచబడ్డాయి. తర్వాత లేవడం మానుకున్నాయి.

"నిన్నంతా గూడా లోపల ఇట్లనే కోసిందా?" అడిగింది మల్లక్క అద్దం బయటినుంచి.

"తెలీదవ్వా. అది చెప్పే పెట్టె లేదు కదా మన దగ్గర."

"మరి ఎప్పుడు తెలుస్తాది?"

"మూణ్ణెల్లకు మెడ నిలబెడుతుందా, నీ మొహం చూసి నవ్వుతుందా. తర్వాత కూర్చుంటుందా. నెల నెలా తీసుకురావాల. చేతులకూ కాళ్ళకూ పనులు నేర్పిస్తాను. ఎంత దెబ్బ తగిలినా తొందరగా పట్టుకుంటే కొంత వెనక్కి తేవచ్చు. ఈ ఏడు బిడ్డను సుగ్గికి తీసుకుపోవద్దు."

"పోము" అంది మల్లక్క. "అల్లుడు పోనీ. నేనూ భీమీ ఊర్లోనే ఉంటాం."

సాయంత్రం భూపేష్ వచ్చాడు. ఆయనకు కోపం వస్తుందని, ఉద్యోగం మానుకోమంటాడని శశికళ సిద్ధపడి ఉంది. ఆయన తెర వైపు చూసి తల ఊపాడు.

"మంచిది. కృష్ణవేణమ్మ గారు తానే పంపించారట కదా. ఎంత గొప్ప మనసు." శివలీల వైపు తిరిగాడు. "మిషన్ పక్కన బిడ్డతో ఈ అవ్వను నిలబెట్టి ఒక ఫొటో తీయండి. నారాయణరెడ్డి గారి పేరు కనపడాలి. రేపు పేపరుకు ఇద్దాం."

ఈ మనిషికి ఏది జరిగినా లాభమే. శశికళ నోరు తెరిచేలోపే మల్లక్క మాట్లాడింది.

"వద్దు సామీ. బిడ్డకి దిష్టి తగుల్తాది."

"ఏమీ కాదమ్మా, ఒక్క ఫొటో."

"వద్దు సామీ" అని ఆమె మళ్ళీ అంతే నెమ్మదిగా అంది. భుజం మీద వేయబోయిన ఆయన చేతికి అందకుండా పక్కకు జరిగింది. చెయ్యి గాలిలో కాసేపు ఉండి కిందికి వచ్చింది. పోతూ పోతూ శశికళతో, "ఈ నెల అయ్యాక ఒకసారి నన్ను కలువమ్మా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. తెలిసినా, రెండు రోజుల తర్వాత ఆమెకు మొదటిసారి ఆకలి వేసింది.

టిఫిను డబ్బా తీసుకుని తల్లుల వార్డు మీదుగా వెళ్తుంటే, శివలీల నోట పెట్టె సంగతంతా విన్న భీమక్క మంచం మీద లేచి కూర్చుని కనపడింది. ఖాళీ అన్నం గిన్నె పక్కనుంది, ఎదురుగా మల్లక్క ఉంది. భీమక్క సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతోంది. అడుగునుంచి ఒక చిన్న సీసా తీసింది. వచ్చిననాడు శశికళ తిట్టి దాచిపెట్టించిన ఆముదం సీసా అది.

"చెయ్యి ఇట్ల పట్టుమా."

"వద్దుమే" అంది మల్లక్క. "మళ్ళా వాసన..."

"పట్టు."

మల్లక్క చేతులు చాపింది. సబ్బుకు పగిలి ఎర్రబడిన వేళ్ళు. భీమక్క ఆ వేళ్ళ మీద ఆముదం వేసి, ఒక్కో పగులునూ వెతుక్కుంటూ రాసింది. గోళ్ళ చుట్టూ రాసింది. రాయడం అయిపోయాక కూడా భీమక్క ఆ చేతులు వదల్లేదు.

వార్డంతా ఆముదం వాసన వచ్చింది. నర్సులెవరూ తుడుచుకోమని చెప్పలేదు.